పద్దెనిమిది నిండిన అనాథకు నీడ

మస్జిదె నబవీలో సుఫ్ఫా అనే అరుగు ఉండేది. ఇల్లూ వాకిలీ లేని సహాబాలు అక్కడ నివసించేవారు. అబూ హురైరా (రజి) వారిలో ఒకరు. దైవప్రవక్త (స) వారికి నీడతోపాటు అన్నము, విద్య సమకూర్చారు.

నేడు అనాథాశ్రమ బాలలు 18 ఏళ్ళు నిండితే సాధారణంగా బయటికి రావలసిందే. అన్నిసా సూరా 6వ ఆయతు అనాథల వివేకాన్ని పరీక్షించి ఆస్తి అప్పగించమంటుంది. వయసు ఒక్కటే చాలదన్నమాట. 2015 నాటి బాల న్యాయచట్టమూ ఆ తరువాతి సహాయాన్ని గుర్తించింది.

మన కొత్తకోట బెంగుళూరు రహదారిపై ఉన్నది. బస్టాండులో రాత్రి గడిపే కుర్రవాడు కనబడితే రొట్టె ఇచ్చి మరలిపోతాము. అతనికి సంపాదన వచ్చేవరకు గది అద్దె, పని నేర్చుకొనే ఖర్చు భరిద్దాము. అర్హుడైతే జకాత్ అతని చేతికే ఇవ్వాలి. హనఫీ పండితులు దానిని భవన నిర్మాణానికి అనుమతించరు. గోడలకు సదఖా, మనిషికి జకాత్. అతడు నిలదొక్కుకున్నాక ఆ గది మరొకరికి నీడ అవుతుంది, ఇన్‌షా అల్లాహ్.