పసిబిడ్డ కొఱకొక పరుగు

తెల్లవాఱు జామున కోనసీమలోని కాలువ గట్లపై నడచువారికి ఒక దృశ్యము తఱచుగా కనబడును. కొబ్బరిచెట్ల నీడలు నీటిపై సాగియుండును. మంచు ఇంకను విడిపోయి యుండదు. ఆ వేళకే నిద్ర లేచి గట్టువెంట పరుగెత్తు యువకులు కొందఱు కనిపింతురు. వారిలో ఒకడు పోలీసు ఉద్యోగమునకును, ఒకడు సైన్యములో చేరుటకును, మఱియొకడు పాఠశాలల పోటీలకును సాధన చేయుచుండును. ఇట్లు తన మేలునకై తాను శ్రమించుట లోకసహజము. కాని తన బంధువు కాని యొక రోగి కొఱకు, ఎన్నడును చూడని యొక పసిబిడ్డ కొఱకు పరుగెత్తువారును లోకమున కలరు. ఒకరు పరుగెత్తినంత మాత్రమున మఱియొకరి జబ్బు కుదురునా యను సందేహము ఎవరికైనను కలుగును. ఆ సందేహము తీఱవలెనన్నచో ముందుగా ఆ పరుగు వృత్తాంతమును తెలిసికొనవలెను.

గ్రీసు దేశమున మారథాన్ అను మైదానము కలదు. క్రీస్తునకు పూర్వము 490వ సంవత్సరమున ఏథెన్సు నగరవాసులు అచ్చట పారసీక సేనలను ఓడించిరి. ఫిడిప్పిడీస్ అను వార్తాహరుడు ఆ విజయవార్తను ఏథెన్సు వఱకును పరుగున గొనిపోయి, చెప్పిన వెంటనే ప్రాణము విడిచెనని యొక గాథ ప్రసిద్ధమైనది. చరిత్రకారులు దీనిని పూర్తిగా నమ్మకున్నను ప్రజలు దానిని మఱవలేదు. 1896లో ఏథెన్సున ఆధునిక ఒలింపిక్ క్రీడలు మొదలైనప్పుడు, ఆ గాథకు గుర్తుగా మారథాన్ పరుగును కూడ చేర్చిరి. నీళ్లు మోసి జీవించు స్పిరిడాన్ లూయిస్ అను గ్రీకు యువకుడు అందు జయమొందెను. 1908 నాటి లండను క్రీడలలో ఈ పరుగు దూరము 42 కిలోమీటర్ల 195 మీటర్లు. 1921లో అదియే శాశ్వత ప్రమాణముగా నిర్ణయింపబడెను.

ఈ దూరమెంతటిదో కోనసీమ బాలురు సులభముగా ఊహింపగలరు. అమలాపురమున బయలుదేఱి కొత్తపేట మీదుగా రావులపాలెము చేరినను మారథాన్ పూర్తి కాదు. అచ్చట ఆగక, వచ్చిన త్రోవనే మఱికొంత దూరము తిరిగి పరుగెత్తవలెను. సుమారు ముప్పది కిలోమీటర్లు గడచుసరికి కండరములలో నిలువయున్న శక్తి చాలవఱకు వ్యయమై పోవును. కాళ్లు బరువెక్కును. ఒక్కొక్క అడుగును మనోబలముతోనే వేయవలసి వచ్చును. కావుననే ఈ పరుగునకు ఎన్నియో మాసముల సాధన ఆవశ్యకము. ఎదుగుచున్న బాలబాలికలు ఇంత దూరము పరుగెత్తరాదు. వారికి రెండు మూడు కిలోమీటర్ల పరుగు, లేదా నడక చాలును.

ఇట్టి కష్టమైన పరుగును రోగుల సేవకు వినియోగించినవారిలో అగ్రగణ్యుడు టెర్రీ ఫాక్స్. అతడు కెనడా దేశమున 1958లో జన్మించెను. ఆటలయందు మిక్కిలి ఆసక్తి గలవాడు. 1977లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, అతని కుడి మోకాలియొద్ద ఎముకకు క్యాన్సరు సోకినట్లు తెలిసెను. వైద్యులు ఆ కాలిని మోకాలికి పైభాగమున తొలగించిరి. పిమ్మట చికిత్సకై ఆసుపత్రికి పోవుచున్నపుడు టెర్రీ తన దుఃఖము కంటె పెద్ద దుఃఖములను చూచెను. అచ్చటి రోగులలో పసిపిల్లలు కూడ నుండిరి. కొందఱు కోలుకొనిరి. కొందఱు కోలుకొనలేదు. అతనికి వైద్యులు మఱియొక సంగతి తెలిపిరి. అతనివంటి రోగులు బ్రదుకుటకు నూటికి ఏబది పాళ్లు అవకాశమున్నదనియు, రెండేండ్లకు ముందైనచో అది పదునైదు పాళ్లు మాత్రమే యుండెడిదనియు వారు చెప్పిరి. ఈ రెండేండ్లలో మారినది రోగము కాదు, వైద్యవిజ్ఞానము. పరిశోధనకు ధనము సమకూర్చినచో, ఆ పిల్లలలో మఱికొందఱైనను బ్రదుకుదురని అతడు గ్రహించెను.

అంతట అతడు కృత్రిమపాదముతో పరుగు నేర్చుకొనెను. ఏడాదికి పైగా సాధన చేసెను. 1980 ఏప్రిల్ 12వ తేదీన కెనడా తూర్పు తీరమున సెయింట్ జాన్స్ అను పట్టణమునొద్ద తన కృత్రిమపాదమును అట్లాంటిక్ సముద్రజలములలో ముంచి, పడమటి సముద్రము వఱకును పోవుటకు బయలుదేఱెను. నాటినుండి అతడు దినమునకు రమారమి నలువది రెండు కిలోమీటర్లు, అనగా దినమునకొక మారథాన్ దూరము, పరుగెత్తుచు వచ్చెను. మొదట కొన్ని ఊళ్లలో అతనిని పట్టించుకొన్నవారే లేరు. చలిగాలులు వీచెను, వాన కురిసెను. కృత్రిమపాదము రాపిడికి చర్మము చిట్లి రక్తము కాఱెను. అయినను అతడు ఆగలేదు. క్రమముగా త్రోవ కిరుప్రక్కల జనులు బారులు తీఱి నిలువసాగిరి.

ఒంటారియో రాష్ట్రమున అతనిని కలిసికొనుటకు పదేండ్ల బాలుడొకడు వచ్చెను. ఆ బాలునికిని అదే క్యాన్సరు సోకి యొక కాలు పోయినది. అతడు సైకిలెక్కి టెర్రీ వెనువెంట కొన్ని మైళ్లు సాగెను. తన యాత్ర యంతటిలోను తనకు మిక్కిలి ఉత్సాహము నిచ్చిన దినము అదియేనని టెర్రీ చెప్పెను. ధైర్యము నిచ్చినవాడు టెర్రీయో ఆ బాలుడో చెప్పుట కష్టము. రోగియైన బిడ్డ కేవలము జాలిపడదగినవాడు కాడు. చూచువారికి బలము నీయగలవాడు కూడ.

143 దినములలో టెర్రీ 5,373 కిలోమీటర్లు పరుగెత్తెను. 1980 సెప్టెంబరు 1వ తేదీన థండర్ బే పట్టణ సమీపమున అతనికి ఛాతిలో నొప్పియు, ఊపిరాడకపోవుటయు సంభవించెను. క్యాన్సరు ఊపిరితిత్తులకు వ్యాపించెనని వైద్యులు తేల్చిరి. పరుగు నిలిచిపోయెను. కాని విరాళములు నిలువలేదు. దేశ ప్రజలు తలకొక్క డాలరు చొప్పున ఇచ్చిన చాలునని అతడు కోరియుండెను. 1981 ఫిబ్రవరి నాటికి రెండు కోట్ల నలువది లక్షల డాలర్లకు పైగా చేరి అతని కోరిక తీఱెను. ఆ సంవత్సరము జూన్ 28వ తేదీన, ఇరువదిరెండేండ్ల ప్రాయమున, టెర్రీ మరణించెను. ఆ సెప్టెంబరులోనే అతని పేర మొదటి పరుగు జరుగగా మూడు లక్షల మంది పాల్గొనిరి. నాటినుండి ఏటేట జరుగుచున్న ఈ పరుగు అనేక దేశములకు వ్యాపించెను. భారతదేశమున ముంబయి, చెన్నై నగరములందును జరిగెను. ఇందు గెలుపోటములు లేవు, బహుమతులు లేవు. వృద్ధులు నడువవచ్చును, పిల్లలు సైకిలు త్రొక్కవచ్చును. ఇట్లు చేరిన మొత్తము ఎనుబది కోట్ల డాలర్లను మించినది.

ఇప్పుడు మొదటి సందేహమునకు సమాధానము దొరకుచున్నది. పరుగు రోగమును కుదుర్పదు. కాని రోగమును కుదుర్చు సాధనములను రోగియొద్దకు చేర్చును. అవి మూడు. మొదటిది ధనము. రెండవది తోడు, తమ బిడ్డ పేరును చొక్కాపై ధరించి వందలకొలది జనులు పరుగెత్తుచుండగా చూచిన తల్లిదండ్రులు, తాము ఒంటరివారము కామని తెలిసికొందురు. మూడవది తెలివిడి. ఈ మూడింటిలోను తెలుగుదేశమున మిక్కిలి యవసరమైనది ఈ తెలివిడియే. అందుకు నిదర్శనము హైదరాబాదులో జరుగు ఒక పరుగు.

హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్యసంస్థ కలదు. దీనిని డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు, చలనచిత్ర దర్శకులైన ఎల్.వి. ప్రసాద్‌గారి కుటుంబము ఇచ్చిన భూరి విరాళముతో, 1987లో స్థాపించిరి. ఈ సంస్థ మే మాసమున వైటథాన్ అను పేర ఒక పరుగును నిర్వహించుచు వచ్చినది. పేరులోని మొదటి భాగమునకు తెలుపు అని యర్థము. పరుగునకు తెలుపుతో సంబంధమేమి? ఆ తెలుపు ఒక పసివాని కనుపాపలోనిది.

పసిపిల్లల కంటికి రెటినోబ్లాస్టోమా యను క్యాన్సరు సోకవచ్చును. కంటి లోపలి గోడపై వెలుగును గ్రహించు పలుచని పొర యొకటి కలదు. దానిని రెటీనా యందురు. ఈ క్యాన్సరు ఆ పొరయందే పుట్టును. ఇది సుమారు పదునైదు వేల నుండి ఇరువది వేల జననములకు ఒక బిడ్డకు వచ్చును. రోగులలో ఇంచుమించు అందఱును ఐదేండ్ల లోపువారే. పలుకలేని పసివాడు తనకు చూపు తగ్గినదని చెప్పుకొనలేడు. కాని కన్ను తానే యొక సాక్ష్యము నిచ్చును. కనుపాపలో తెల్లని మెఱుపు కనబడును. చీకటిలో పిల్లికన్ను మెఱసినట్లుండును. ఫ్లాషు వెలుగుతో ఛాయాచిత్రము తీసినపుడు, ఆరోగ్యవంతమైన కనుపాప తఱచుగా ఎఱ్ఱగా కనబడును; ఏలయన ఆ వెలుగు రెటీనా వెనుకనున్న రక్తనాళములపై బడి తిరిగి వచ్చును. నడుమ తెల్లని కణితి యడ్డుపడినచో కనుపాప తెల్లగా కనబడును. కొందఱు పిల్లలకు మెల్లకన్ను ఏర్పడుట కూడ ఒక లక్షణము. తెల్లగా కనబడినదంతయు క్యాన్సరు కాదు. శుక్లము వలనను అట్లుండవచ్చును. ఏది యేదియో తేల్చవలసినవాడు నేత్రవైద్యుడే.

ఇచ్చట కాలమే ప్రాణము. కణితి కంటిలోనే యున్నంతవఱకు బిడ్డ బ్రదుకును. మందులు, లేజరు కిరణములు, మిక్కిలి చల్లదనము మొదలగువానితో కణితిని నశింపజేసి పెక్కుసారులు కన్నును కూడ నిలుపవచ్చును. కొందఱికి కన్ను తీసివేయక తప్పదు. అయినను కృత్రిమనేత్రము నమర్చుకొని ఆ బిడ్డ తోడివారితో కూడ బడికి పోవును. ఆలస్యమైనచో కణితి నేత్రనాడి వెంట మెదడునకు ప్రాకును. అప్పుడు చికిత్స దుష్కరమగును. ప్రపంచ ఆరోగ్యసంస్థ తెలిపిన లెక్కల ప్రకారము, క్యాన్సరు సోకిన బాలలలో సంపన్న దేశములందు నూటికి ఎనుబది మందికి పైగా కోలుకొనుచున్నారు. పేద దేశములు పెక్కింటిలో నూటికి ముప్పది మందియు కోలుకొనుట లేదు. రోగమొక్కటే, కనిపెట్టుటలో జాగును, చికిత్స నడుమ మానివేయుటయు ఈ భేదమునకు ముఖ్యకారణములు.

కోనసీమలో ఒక తల్లి దీపము వెలుగున బిడ్డ కంటిలో ఈ మెఱుపును చూచెననుకొందము. దిష్టి తగిలినదని యొకరందురు. గ్రహణకాలమున తల్లి బయటకు వచ్చినదని మఱియొకరు నిందింతురు. పెద్దయైన పిమ్మట అదియే పోవునని యింకొకరు ఓదార్తురు. ఈ మూడు మాటలును నిజములు కావు. జన్యువులలో కలుగు మార్పు వలన ఈ రోగము పుట్టును. తల్లి దోషము లేదు. ఇది అంటువ్యాధియు కాదు. కొన్ని కుటుంబములలో వంశపారంపర్యముగా వచ్చును గనుక, రోగియొక్క చిన్న తోబుట్టువుల కన్నులను కూడ పరీక్షింపజేయవలెను. పూర్వము గోదావరి పాయలపై వంతెనలు లేనికాలమున, రోగిని పడవపై దాటించి పట్టణమునకు చేర్చుటయే యొక గండముగా నుండెడిది. నేడు త్రోవలు ఏర్పడినవి. ఆ నేత్ర వైద్యసంస్థ శాఖలు విజయవాడలోను, విశాఖపట్టణములోను కలవు. ఆరోగ్యశ్రీ పేర 2007లో ఆరంభమైన ప్రభుత్వ పథకమువలన పేదలకు పెద్ద జబ్బుల చికిత్సకు సాయము లభించెను. అయినను దారిఖర్చులు, కూలి పోగొట్టుకొనుట, నెలల తరబడి తిరుగుట మొదలగు కష్టములు తల్లిదండ్రులకు మిగిలియే యున్నవి. పరుగుల వలన చేరు విరాళములు అట్టి ఖర్చులకు ఆదుకొనగలవు. కాని తల్లి ఆ మెఱుపును గుర్తింపనిచో ధనముండియు ప్రయోజనము లేదు.

కావుననే వైటథాన్‌లో పరుగెత్తువారు ఎంత వేగముగా పరుగెత్తిరన్నది ముఖ్యము కాదు. వారిని చూచి, ఈ పరుగు దేనికని యొకరు అడుగుటయు, కనుపాపలోని తెలుపును గుఱించి మఱియొకరు చెప్పుటయు ముఖ్యము. ఆ మాట అచ్చటినుండి ఇంటింటికి ప్రాకవలెను. మారథాన్ గాథలోని వార్తాహరుడు విజయవార్తను మోసికొని పోయెను. నేటి పరుగులు ప్రమాదవార్తను, దానితోపాటు ఆశను కూడ మోయుచున్నవి.

విద్యార్థులారా! ఈ సేవకు నలువది రెండు కిలోమీటర్లు పరుగెత్తనక్కఱ లేదు. అక్కయ్య ఒడిలోని బిడ్డనో, పొరుగింటి పసివానినో ఎత్తుకొని ఆడించునపుడు వాని కన్నులలోనికి ఒక్కమాఱు చూడుడు. తెల్లని మెఱుపు కనబడినచో సంకోచింపక పెద్దలకు చెప్పుడు; కంటివైద్యునికి చూపింపుడని పట్టుపట్టుడు. కాలువ గట్టునుండి ఆ ఇంటి వాకిలి వఱకు వేసిన నాలుగడుగులు కూడ ఒక బిడ్డ ప్రాణమును నిలుపవచ్చును.