రాత్రిపూట రాసిన ప్రోగ్రాం ఎవరి సొత్తు?

2020లో కరోనా వచ్చినప్పుడు హైదరాబాదు, బెంగుళూరు కంపెనీల్లో పనిచేసే కుర్రవాళ్లు చాలామంది సొంత ఊళ్లకు చేరి, ఇంటి వసారాలోనే ఉద్యోగం చేశారు. కొందరు ఇప్పటికీ చేస్తున్నారు. పగలు కంపెనీ పని, రాత్రి సొంత పని. చిక్కల్లా ఇక్కడే వస్తున్నది.

అలాంటి కుర్రవాడొకడు ఊరి పాల కేంద్రం కోసం రాత్రులు కూర్చుని ఒక ప్రోగ్రాం రాశాడనుకుందాం. పాల కొలత, వెన్న శాతం వేస్తే రైతుకు రావలసిన సొమ్ము చెబుతుంది. పక్క ఊళ్లవారూ కావాలన్నారు. అమ్ముకోవచ్చునా? "నిద్ర మానుకుని రాశాను, నాదే కదా!" అంటాడతను. చట్టం అంత తేలికగా ఒప్పుకోదు.

1957 నాటి కాపీరైటు చట్టంలోకి కంప్యూటర్ ప్రోగ్రాములు 1984 సవరణతో వచ్చి చేరాయి. ఉద్యోగంలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే తొలి హక్కుదారు అని 17వ సెక్షన్ చెబుతున్నది. ఉద్యోగంతో సంబంధం లేనిది రాసినవాడిదే. అయితే రాసింది కంపెనీ ల్యాప్‌టాప్ మీదనా? ఆఫీసు వేళల్లోనా? కంపెనీ వ్యాపారమూ అదేనా? తగవు వస్తే ఈ ప్రశ్నలన్నీ ముందుకు వస్తాయి.

వీటికి మించినది చేరిన రోజున పెట్టిన సంతకం. ఉద్యోగకాలంలో కనిపెట్టినదంతా కంపెనీకే చెందుతుందనే షరతు ఆ కాగితాల్లో ఉండవచ్చు. అమెరికాలోని టెక్సాసులో ఒక ఉద్యోగి ఇలాంటి సంతకమే పెట్టాడు. పాత ప్రోగ్రాములను కొత్త భాషలోకి మార్చే పద్ధతి అతని బుర్రలోనే ఉంది. అదీ కంపెనీదేనని కోర్టు తేల్చింది. 2004లో అప్పీలులోనూ అతను ఓడిపోయాడు.

అదే దేశంలో కాలిఫోర్నియా 1979లోనే వేరే దారి పట్టింది. సొంత సమయంలో, సొంత సామానుతో, కంపెనీ వ్యాపారానికి సంబంధం లేకుండా కనిపెట్టినదాన్ని యజమాని లాక్కోరాదని అక్కడ చట్టం చేశారు. మన కాపీరైటు చట్టంలో అలాంటి సెక్షన్ లేకపోవడం గమనార్హం.

ఆపిల్ కంప్యూటర్ సృష్టికర్త వోజ్నియాక్ హెచ్.పి. కంపెనీ ఉద్యోగిగా ఉంటూ ఆ యంత్రాన్ని తయారుచేశాడు. ముందుగా తన కంపెనీకే చూపించాడు. వారు వద్దన్న తరువాతే 1976లో బయట అమ్మాడు.

గట్టు తగవు రాకముందే సరిహద్దు రాయి పాతుకోవాలని రైతుకు తెలుసు. మన కుర్రవాళ్లు కూడా ఒప్పంద పత్రం ఒకసారి తీసి చదవాలి. సొంత పనికి సొంత యంత్రం వాడాలి. అమ్మబోయే ముందు కంపెనీ నుంచి అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. నోటిమాట కోర్టులో నిలవడం కష్టం.