పాత బుల్లెట్ గుంజట్లేదా? ఇంజిన్ విప్పకముందు ఇవి చూడండి

పాత బండ్ల మీద మనం చేస్తున్న ఎపిసోడ్లలో ఇవాళ్టి టాపిక్ చాలామంది అడిగిందే: "బండి స్టార్ట్ అవుతోంది, కానీ గుంజట్లేదు. ఏం చేయాలి?" దీనికి చాలా చోట్ల వచ్చే మొదటి జవాబు, "ఇంజిన్ పోయింది, బోర్ కొట్టించు." ఆ మాట వినగానే తల ఊపకండి. ఎందుకో ఒక బండి ఉదాహరణతోనే చెప్తాను.

మొయినాబాద్ వైపు నుంచి ఒకాయన 1984 మోడల్ బుల్లెట్ 350 తెచ్చారు. వాళ్ళ నాన్నగారి బండి. పొద్దున ఒక్క కిక్కుకే స్టార్ట్ అవుతుంది. మొయినాబాద్‌లో బయల్దేరితే బాగానే ఉంటుంది. చేవెళ్ల చేరే లోపే పికప్ పడిపోతుంది, మిస్ కొడుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. చెట్టు కింద ఇరవై నిమిషాలు పెడితే మళ్ళీ మామూలే. ఒక మెకానిక్ బోర్, పిస్టన్ మార్చాలన్నాడట. అంత ఖర్చు ఎందుకు, అమ్మేద్దామని ఇంట్లో వాళ్ళు అంటున్నారు.

ఇది డబ్బు సమస్య ఒక్కటే కాదండి. ఆ రోడ్డు మీకు తెలుసు. రెండు పక్కలా పెద్ద మర్రిచెట్లు, చాలా దూరం డివైడర్ లేదు, ఎదురుగా టిప్పర్లు. 2025 నవంబర్‌లో మీర్జాగూడ దగ్గర ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ గుద్దిన ప్రమాదం మనమెవరం మర్చిపోలేదు. అలాంటి రోడ్డు మీద ఓవర్‌టేక్ మధ్యలో బండి దమ్ము వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే "ఎట్లనో నడుస్తుంది లే" అని వదిలేయొద్దు.

ముందు ఈ ఇంజిన్ గురించి రెండు మాటలు. 1955లో మద్రాసులో బుల్లెట్ తయారీ మొదలైంది. ఆ కాస్ట్ ఐరన్ ఇంజిన్ దశాబ్దాల పాటు పెద్దగా మారలేదు. బోర్ 70 మి.మీ., స్ట్రోక్ 90 మి.మీ., మొత్తం 346 సీసీ. స్ట్రోక్ పొడవు, ఫ్లైవీల్ బరువు. అందుకే చిన్న చిన్న లోపాలుంటే నెమ్మదిగా పోయేటప్పుడు తెలియదు. లోడ్ పడ్డప్పుడు, వేడెక్కినప్పుడు బయటపడతాయి.

పానా పట్టకముందు మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి, యాక్సిలరేటర్ ఇస్తే ఇంజిన్ సౌండ్ పెరిగి బండి మాత్రం కదలట్లేదా? అయితే అది క్లచ్ జారడం. ఇంజిన్ తప్పు కాదు. పనిలో పనిగా వెనక చక్రం లేపి తిప్పండి, బ్రేక్ పట్టేసి ఉందేమో తెలుస్తుంది.

రెండు, చల్లగా ఉన్నప్పుడు కూడా పికప్ లేదా, వేడెక్కాకే పోతోందా? రింగులు, సిలిండర్ అరిగితే చల్లగా ఉన్నప్పుడు కూడా కంప్రెషన్ తక్కువే ఉంటుంది. పొద్దున ఒక్క కిక్కుకు స్టార్ట్ అయి, మధ్యాహ్నం ఆగి, చల్లారితే మళ్ళీ బాగయ్యే బండికి బోర్ కారణం కావడం అరుదు.

మూడు, ఆగేటప్పుడు ఎలా ఆగుతోంది? పెట్రోల్ అయిపోయినట్టు మెల్లగా నీరసపడితే పెట్రోల్ వైపు చూడండి. స్విచ్ ఆపినట్టు టక్కున కట్ అయితే కరెంటు వైపు చూడండి. ఇది నూటికి నూరుపాళ్ళు కాదు, దారి చూపిస్తుంది అంతే.

ఈ బండిని మేము షెడ్డులో కాకుండా, సమస్య వచ్చే రోడ్డు మీదే చూశాం. చేవెళ్ల దగ్గరపడుతుండగా ఆగిపోయింది. రోడ్డు దిగి పక్కకు పెట్టాం. చల్లారకముందే చూడాలి, అదే ముఖ్యం.

మొదట ట్యాంకు మూత తెరిచాం. మూతలో గాలి రంధ్రం మూసుకుపోతే లోపల గాలి తక్కువై పెట్రోల్ దిగదు. తెరవగానే "ఉస్స్" మని గాలి పీల్చి, తర్వాత బండి నడిస్తే దొంగ మూతే. ఇక్కడ అలాంటిదేమీ లేదు.

తర్వాత ప్లగ్ విప్పాం. పొడిగా ఉంటే పెట్రోల్ రావట్లేదు. ట్యాప్ జాలీ, కార్బురేటర్ జెట్లు చూడాలి. జెట్‌లో తీగ పెట్టి పొడవకండి, రంధ్రం పెద్దదైపోతుంది, గాలి కొట్టండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. అది నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బర్లను పాడు చేస్తుంది. నెలల తరబడి నిలబెట్టిన బండికి ట్యాంకు అడుగు కడగడం, పైపు మార్చడం మంచిది. ఇక్కడ మాత్రం ప్లగ్ తడిగా ఉంది. అంటే పెట్రోల్ వస్తోంది, మండట్లేదు.

మూడోది స్పార్క్. పెట్రోల్ ట్యాప్ కట్టేసి, ప్లగ్‌ను దాని రంధ్రానికి దూరంగా ఇంజిన్‌కు ఆనించి కిక్ కొట్టాం. నీలంగా చురుగ్గా రావాల్సిన స్పార్క్, పసుపుగా బలహీనంగా వచ్చింది. పాయింట్ మూత తీసి కొడితే పాయింట్ల మధ్యే పెద్ద మెరుపు. దొరికింది: కండెన్సర్.

కండెన్సర్ పనేంటంటే, పాయింట్లు విడిపోయే క్షణంలో దూకబోయే కరెంటును తనలోకి తీసుకుంటుంది. అప్పుడే కాయిల్‌లో కరెంటు ఒక్కసారిగా తెగి, ప్లగ్‌కు బలమైన స్పార్క్ పుడుతుంది. కండెన్సర్ లోపలి ఇన్సులేషన్ బలహీనపడితే చల్లగా ఉన్నంతసేపు పని చేస్తుంది, వేడికి లీకవుతుంది. అప్పుడు కరెంటు పాయింట్ల మధ్యే మెరిసి వృథా అవుతుంది. పాయింట్లు కాలి ఒకవైపు గుంత, ఒకవైపు గుట్ట పడతాయి. ఈ బండిలో అచ్చం అదే.

కండెన్సర్, పాయింట్లు కొత్తవి వేశాం. గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. మధ్య పెట్టాం. గ్యాప్ మారితే టైమింగ్ మారుతుంది కాబట్టి టైమింగ్ కూడా మళ్ళీ సెట్ చేశాం. ఆటో అడ్వాన్స్ బరువులు ఇరుక్కోకుండా కదులుతున్నాయా చూశాం. అవి ఇరుక్కుంటే స్పీడులో పికప్ రాదు, ఇంజిన్ అతిగా వేడెక్కుతుంది.

ఇక టాపెట్లు. ఇంజిన్ పూర్తిగా చల్లబడ్డాక, పిస్టన్ కంప్రెషన్‌లో పైన ఉన్నప్పుడు పుష్‌రాడ్ వేళ్ళతో సులువుగా తిరగాలి, పైకీ కిందకీ ఆడకూడదు. మరీ బిగుతైతే వేడికి వాల్వ్ సరిగ్గా మూసుకోదు. అప్పుడు కూడా "వేడెక్కితే గుంజట్లేదు" అన్న సమస్యే వస్తుంది.

చివరగా కంప్రెషన్. డీకంప్రెసర్ పట్టుకోకుండా కిక్కర్ మీద బరువు వేసి నిలబడండి. మంచి ఇంజిన్ మిమ్మల్ని కాసేపు మోస్తుంది, తర్వాత మెల్లగా దిగుతుంది. సర్రున దిగిపోతే గాలి ఎటు పోతోందో వినండి. సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, కార్బురేటర్‌లో వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వ్, బ్రీదర్ పైపులో వినిపిస్తే రింగులు. అప్పుడు బోర్ గురించి ఆలోచించండి. ఈ బండి కంప్రెషన్ గట్టిగా ఉంది.

బోర్ కొట్టిన ప్రతిసారీ సిలిండర్ నుంచి ఇనుము పోతుంది. ఓవర్‌సైజ్ పిస్టన్లకు ఒక హద్దుంది, పోయిన ఇనుము తిరిగి రాదు. కండెన్సర్ అంటారా, కొన్ని నిమిషాల్లో మారుతుంది. అందుకే చవకైనది, వెనక్కి తీసుకోగలిగేది ముందు చేయండి. వెనక్కి తీసుకోలేనిది చివరికి పెట్టుకోండి.

వచ్చే ఎపిసోడ్‌లో పాయింట్ టైమింగ్ ఎలా పెట్టాలో బండి మీదే చూపిస్తాను. మీ బండి చల్లగా ఉన్నప్పుడు ఎలా ఉంది, వేడెక్కాక ఎలా ఉంది, ప్లగ్ తడా పొడా, ఈ మూడూ రాసుకుని మెకానిక్ దగ్గరికి వెళ్ళండి. సగం పని అయిపోయినట్టే.