గ్లోబు మీద గీతలు

గ్లోబును తిప్పి చూసే పిల్లలకు ముందు కనిపించేవి దేశాల రంగులు. ఆ తర్వాత ఆ రంగులను అడ్డంగా, నిలువుగా కోస్తూ పోయే గీతలు. అడ్డగీతలు అక్షాంశాలు, నిలువుగీతలు రేఖాంశాలు. బడిలో ఈ రెండూ ఒకే పాఠంలో, జంటగా వస్తాయి: అక్షాంశాలు 181, రేఖాంశాలు 360. మార్కులకు ఆ లెక్క సరిపోతుంది గానీ, ఒకటి చాలావరకు ప్రకృతి గీసినది, రెండోది మనుషులు మాట్లాడుకుని ఒప్పుకున్నది అన్న సంగతి అందులో కనిపించదు. భూగోళాన్ని సాంఘిక శాస్త్రంలో ఎందుకు చెబుతారో ఆ సంగతిలోనే ఉంది.

భూమి తన చుట్టూ తాను తిరుగుతుంది కనుక దానికి రెండు ధ్రువాలున్నాయి. వాటికి సరిగ్గా నడుమ ఉన్నది భూమధ్యరేఖ, సున్నా డిగ్రీల అక్షాంశం. అక్కడ భూమి చుట్టుకొలత 40,075 కిలోమీటర్లు. ఆ రేఖ నుంచి ఉత్తరానికైనా దక్షిణానికైనా సుమారు 111 కిలోమీటర్లు వెళ్తే ఒక డిగ్రీ దాటినట్టు. ధ్రువాల దగ్గర, అంటే 90 డిగ్రీల వద్ద, అక్షాంశ వృత్తం కుంచించుకుపోయి చుక్క అవుతుంది. ఉత్తరార్ధగోళంలో ఏ ఊరి అక్షాంశమైనా ఆకాశం చూసి చెప్పవచ్చు: ధ్రువ నక్షత్రం దిగంతానికి ఎన్ని డిగ్రీల ఎత్తున ఉంటే ఊరి అక్షాంశం ఇంచుమించు అంతే. హైదరాబాదులో అది 17 డిగ్రీలు దాటుతుంది, ఢిల్లీలో 28 దాటుతుంది.

మిగతా ముఖ్యమైన అక్షాంశాలు సూర్యుడి వల్ల వచ్చాయి. భూమి అక్షం సుమారు 23½ డిగ్రీలు వాలి ఉండడంతో, సూర్యుడు నడినెత్తిన నిలిచే చోటు ఏడాది పొడవునా ఉత్తరానికీ దక్షిణానికీ జరుగుతూ ఉంటుంది. జూన్ 21 ప్రాంతంలో ఉత్తరాన అది చేరే చివరి హద్దు కర్కటరేఖ. డిసెంబరు 22 ప్రాంతంలో దక్షిణపు హద్దు మకరరేఖ. కర్కటరేఖ మన దేశంలో గుజరాత్ నుంచి మిజోరం దాకా ఎనిమిది రాష్ట్రాల మీదుగా పోతుంది. తెలుగు రాష్ట్రాలు మొత్తం దానికి దక్షిణాన ఉన్నాయి కనుక ఇక్కడ సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. హైదరాబాదులో అది మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి జరుగుతుంది. ఆ మధ్యాహ్నం నేలలో పాతిన కర్రకు కాసేపు నీడే ఉండదు. ఢిల్లీవాసులకు ఈ వింత ఎన్నడూ దక్కదు.

భూమధ్యరేఖ అనగానే మండే ఎండ అని పిల్లలు రాసేస్తారు. ఈక్వడార్ దేశానికి ఆ పేరు వచ్చిందే భూమధ్యరేఖ నుంచి. దాని రాజధాని కీటో ఆ రేఖకు కూతవేటు దూరంలో ఉన్నా, సముద్ర మట్టానికి 2,850 మీటర్ల ఎత్తున ఉండడం వల్ల రాత్రుళ్లు స్వెట్టర్ తియ్యనివ్వదు. వాతావరణాన్ని అక్షాంశం ఒక్కటే నిర్ణయించదు. ఎత్తు, సముద్రం, గాలులు కూడా అందులో పాలు పంచుకుంటాయి.

నిలువుగీతల దగ్గరికొస్తే ప్రకృతి ఏ సాయమూ చేయదు. రేఖాంశాలన్నీ ధ్రువం నుంచి ధ్రువానికి పోయే ఒకే పొడవు గీతలు. ఫలానాది మొదటిది అని చెప్పడానికి ఆకాశంలో గుర్తేమీ లేదు. మన ప్రాచీన ఖగోళవేత్తలు ఉజ్జయిని మీదుగా పోయే రేఖను సున్నాగా తీసుకున్నారు. ఫ్రాన్సువాళ్లు పారిస్‌ను, ఇంగ్లండువాళ్లు లండన్ పక్కనున్న గ్రీనిచ్‌ను తీసుకున్నారు. సముద్రం మీద తామెంత తూర్పున, ఎంత పడమరన ఉన్నారో తెలియక ఓడలు రాళ్లకు కొట్టుకునేవి. 1714లో బ్రిటిష్ పార్లమెంటు దీనికి ఉపాయం చెప్పినవాళ్లకు 20,000 పౌన్ల దాకా బహుమతి ప్రకటించింది. ఆ చిక్కును విప్పినవాడు జాన్ హారిసన్ అనే వడ్రంగి. ఓడ కుదుపులకు, చలికి, వేడికి తప్పు చూపని గడియారం చేశాడు. బయల్దేరిన రేవులో టైము ఎంతో గడియారం చెబుతుంది, ఓడ ఉన్నచోట టైము ఎంతో సూర్యుడు చెబుతాడు. ఆ రెంటికీ ఉన్న తేడాయే రేఖాంశం.

ఏది సున్నా అన్న తగవు మాత్రం 1884 అక్టోబరులో వాషింగ్టన్‌లో తెగింది. 25 దేశాల ప్రతినిధులు సమావేశమయ్యారు, ఎక్కువమంది గ్రీనిచ్‌కు ఓటేశారు. అప్పటికే ప్రపంచంలోని ఎక్కువ ఓడలు గ్రీనిచ్ లెక్కతో గీసిన పటాలనే వాడుతున్నాయి. కారణం అదే తప్ప ఆ ఊరి గొప్పదనమేమీ లేదు. ఫ్రాన్సు ఓటు వేయకుండా ఊరుకుంది, 1911 దాకా తన పారిస్ లెక్కనే పట్టుకుని కూర్చుంది.

భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే గంటకు 15 డిగ్రీలు, డిగ్రీకి 4 నిమిషాలు. ఈ ఒక్క లెక్క పిల్లలకు బాగా పట్టుబడితే మిగతా పాఠం దానంతటదే నడుస్తుంది. విశాఖపట్నం 83.3 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది, హైదరాబాదు 78.5 దగ్గర. తేడా ఐదు డిగ్రీలకు కాస్త తక్కువ. కాబట్టి విశాఖలో పొద్దు పొడిచిన సుమారు 19 నిమిషాలకు గానీ హైదరాబాదులో పొడవదు.

పూర్వం ఏ ఊరి టైము ఆ ఊరిదే. ఎడ్లబండి కాలంలో దానితో ఇబ్బంది లేదు. రైళ్లొచ్చాక ఊరూరికీ ఒక టైమంటే టైంటేబుల్ వేయడం అసాధ్యమైంది. అందుకే మన రైల్వేలు చాలాకాలం మద్రాసు ఖగోళ పరిశోధనశాల టైమును పాటించాయి. 1906 జనవరి 1 నుంచి 82½ డిగ్రీల రేఖాంశం ఆధారంగా దేశానికంతటికీ ఒకే ప్రామాణిక కాలం వచ్చింది. మన దేశం 68 నుంచి 97 డిగ్రీల దాకా పరుచుకుని ఉంది, ఈ రేఖ ఇంచుమించు దాని నడిమధ్యన పడుతుంది. గ్రీనిచ్‌కు అయిదున్నర గంటలు ముందు అనే లెక్క ఇక్కడిదే. అయినా కలకత్తా తన సొంత టైమును 1948 దాకా, బొంబాయి 1955 దాకా వదల్లేదు.

ఈ 82½ డిగ్రీల రేఖ కాకినాడ మీదుగా పోతుందని పిల్లలంతా చదువుకుంటారు. కచ్చితంగా కొలిస్తే అది నగరానికి పాతిక కిలోమీటర్లు తూర్పున ఉంటుంది, కాకినాడకు సూటిగా అయితే సముద్రంలోనే. నేల మీద తుని పరిసరాల్లో దాటుతుంది.

ఒకే టైము వల్ల సౌకర్యం ఎంతో, చిక్కూ అంతే. అరుణాచల్‌లో పొద్దు పొడిచిన సుమారు రెండు గంటలకు గానీ ద్వారకలో పొడవదు. అందుకే అస్సాం తేయాకు తోటల్లో గడియారాన్ని గంట ముందుకు పెట్టుకుని పనిచేసే ఆనవాయితీ ఉంది. మనకంటే ఎంతో వెడల్పైన చైనా కూడా ఒక్క టైముతోనే నెట్టుకొస్తోంది. రష్యా పదకొండు పెట్టుకుంది. నేపాల్ మనకు 15 నిమిషాలు ముందు నడుస్తుంది. గంటకు పదిహేను డిగ్రీలన్నది భూమి లెక్క అయితే, ఏ దేశం ఏ టైము పాటించాలన్నది ప్రభుత్వాల లెక్క.

తెలుగువాళ్లకు ఈ సంగతి పండుగలప్పుడు అనుభవంలోకి వస్తుంది. తిథి మొదలయ్యే క్షణం ప్రపంచమంతటికీ ఒక్కటే, సూర్యోదయం మాత్రం ఊరూరికీ వేరు. అందుకని అమెరికాలో ఉన్నవాళ్లు అక్కడి నగరాలకు గణించిన పంచాంగం చూసుకుంటారు. ఒక్కోసారి అక్కడ పండుగ ముందు తేదీనే వచ్చేస్తుంది.

గ్రీనిచ్ నుంచి తూర్పుకు 180 డిగ్రీలు, పడమరకు 180 డిగ్రీలు వెళ్తే రెండూ పసిఫిక్ మహాసముద్రంలో ఒకే గీత మీద కలుస్తాయి. ఆ గీతను ఆనుకునే తేదీ మారుతుంది. ఈ విషయం మొదట మజెల్లాన్ నావికులకు తలకెక్కలేదు. పడమరగా భూమి చుట్టి 1522లో ఆఫ్రికా పక్కనున్న కేప్‌వర్డ్ దీవులు చేరేసరికి, వాళ్లు రాసుకున్న దినచర్యలో బుధవారం, ఒడ్డు మీద గురువారం. రోజూ సూర్యుడి వెంట పోవడం వల్ల ఒక సూర్యోదయం తక్కువ చూశారు మరి.

అంతర్జాతీయ దినరేఖ 180 డిగ్రీల రేఖాంశాన్ని అంటిపెట్టుకుని సాగినా, ఏ దేశానికీ రెండు తేదీలు కాకూడదని అక్కడక్కడ వంకర్లు తిరుగుతుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో వ్యాపారం కలిసిరావాలని సమోవా దేశం 2011లో ఆ గీతకు అటు నుంచి ఇటు దూకింది. డిసెంబరు 29, గురువారం రాత్రి పడుకున్నవాళ్లు శనివారం, 31న లేచారు. పక్కనే ఉన్న అమెరికన్ సమోవా కదల్లేదు. ఇవాళ ఆ రెండు చోట్లా గడియారాలు ఒకే టైము చూపిస్తాయి, క్యాలెండర్లు మాత్రం ఒక రోజు తేడాతో ఉంటాయి.