కాలు తనంతట తానే ఎందుకు ఆడుతుంది?

పిల్లలూ! కనుమ పండుగనాడు మన కోనసీమలో జగ్గన్నతోట తీర్థానికి మీరెప్పుడైనా వెళ్లారా? పదకొండు గ్రామాలవారు ఎత్తయిన ప్రభలను భుజాలపై మోసుకుని అక్కడికి చేరతారు. డప్పు మోగగానే, ఎవరూ చెప్పకుండానే మన పాదం నేలను తట్టడం మొదలుపెడుతుంది. ఊరేగింపుల్లో డీజే పెట్టెల నుంచి వచ్చే పాటకూ అంతే. ఆ పాటల్లో ‘ఎలక్ట్రో హౌస్’ అనే రకం ఒకటుంది. దానికి లాటిన్ అమెరికా డోలు నడక కలిస్తే ఇక నిలబడటం కష్టం! దీని వెనుక ఉన్న విజ్ఞానమేమిటో చూద్దామా?

హౌస్ సంగీతం 1980వ దశకం మొదట్లో అమెరికాలోని షికాగో నగరంలో పుట్టింది. ఇందులో డోలు కొట్టేది మనిషి కాదు, విద్యుత్ యంత్రం. నిమిషానికి సుమారు 128 దెబ్బలు, అన్నీ సమాన దూరంలో పడతాయి. ఇక క్యూబా వంటి దేశాల డోలు నడక వేరు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తరలించబడినవారు తమ లయలను అక్కడికి తీసుకువెళ్లారు. వాటిలో ముఖ్యమైనది 3, 3, 2 నడక.

ఒక చిన్న ప్రయోగం చేయండి. ఒకటి నుంచి ఎనిమిది వరకు ఆగకుండా మళ్లీ మళ్లీ లెక్కపెట్టండి. 1, 5 అంకెల దగ్గర కాలితో నేలను తట్టండి. అది యంత్రం దెబ్బ. 1, 4, 7 అంకెల దగ్గర చప్పట్లు కొట్టండి. అది లాటిన్ నడక. రెండూ ఒకటి దగ్గర మాత్రమే కలుస్తాయి. తక్కినచోట్ల చెయ్యి ఒక దారి, కాలు ఒక దారి! మన ఆది తాళానికి కూడా ఎనిమిది అక్షరాలే; కాని అక్కడ విభజన 4, 2, 2.

ఈ తికమక మనకెందుకు నచ్చుతుంది? మెదడు తరువాతి దెబ్బ ఎప్పుడు పడుతుందో ముందే ఊహిస్తుంది. పుట్టి రెండు మూడు రోజులైన పసిపిల్లలు నిద్రలో ఉండగా లయలోని ముఖ్యమైన దెబ్బను తప్పిస్తే, వారి మెదడు ఆ లోటును గుర్తించిందని 2009లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. మనం కదలకుండా విన్నా, మెదడులో కదలికలను నడిపే భాగాలు మేలుకుంటాయి. ఊహ అన్నిసార్లూ నిజమైతే విసుగు. ఎప్పుడూ తప్పితే గందరగోళం. తడబాటు మధ్యస్థంగా ఉన్న లయకే మనుషులకు ఎక్కువగా ఆడాలనిపిస్తుందని 2014లో మరో పరిశోధన చూపింది. డోలు వదిలేసిన ఖాళీని మన ఒళ్లు పూరిస్తుందన్నమాట.

మరి హోరు ఎక్కువైతే ఆనందం ఎక్కువవుతుందా? 2022లో కెనడా శాస్త్రజ్ఞులు ఒక ఎలక్ట్రానిక్ కచేరీలో, చెవికి తెలియనంత మంద్రమైన ధ్వనిని మధ్యమధ్య కలిపి చూశారు. అది ఉన్నప్పుడు జనం సుమారు 12 శాతం ఎక్కువగా కదిలారు. ఆడించడానికి చెవులు పగలగొట్టనక్కరలేదని దీనివల్ల తెలియడం లేదూ?

ఒకసారి ఒక పెళ్లి ఊరేగింపులో నేను డీజే పెట్టెల పక్కన గంటసేపు నిలుచున్నాను. రెండు రోజులు చెవిలో కీచురాయి అరిచినట్టుండేది. పాఠం చెబుతుంటే వెనుక బెంచీ పిల్లల మాట వినపడలేదు. 85 డెసిబెల్ ధ్వనిని రోజుకు 8 గంటలకు మించి వినరాదు. ప్రతి 3 డెసిబెల్‌లకూ ఈ వ్యవధి సగమవుతుంది. 100 డెసిబెల్ అయితే 15 నిమిషాలే! లోపలి చెవిలోని రోమకణాలు ఒకసారి చనిపోతే మళ్లీ పుట్టవు. లయను ఆస్వాదించేది ఆ చెవే కదా! కాబట్టి పెట్టెలకు దూరంగా నిలబడి ఆడండి.

ఈ సాయంత్రం రెండు కొబ్బరిచిప్పలు తీసుకుని 3, 3, 2 నడక వాయించండి. మీ తమ్ముడి కాలు కదులుతుందేమో గమనించండి!