విమానయానము - శ్వాసకోశ వ్యాధుల వ్యాప్తి

ఒకప్పుడు దూరదేశ ప్రయాణమనగా వారముల తరబడి సాగు ఓడ ప్రయాణము. త్రోవలో ఎవరికైన రోగము సోకినచో, ఓడ రేవు చేరులోపలనే అది బయటపడెడిది. నేడు దుబాయిలో ఉదయము విమానమెక్కిన మనిషి సాయంకాలమునకు జగిత్యాల ప్రాంతములోని తన గ్రామమును చేరగలుగుచున్నాడు. ఇన్‌ఫ్లుయెంజా వంటి రోగము సోకిన పిదప జ్వరము కనబడుటకు ఒకటి మొదలు నాలుగు దినములు పట్టును. మనిషి ఇల్లు చేరుటకు అంత కాలము పట్టదు. కావున విమానములో రోగములు వ్యాపించు తీరు గ్రామ పంచాయతీ సభ్యులకును తెలిసియుండుట అవసరము.

రోగి దగ్గినపుడు, తుమ్మినపుడు, మాటలాడినపుడు కూడ నోటినుండి తుంపరలు వెలువడును. పెద్ద తుంపరలు కొద్ది అడుగుల దూరములోనే పడిపోవును. మిక్కిలి సన్ననివి గాలిలో కొంతకాలము తేలియాడును. క్షయ, తట్టు ఇట్టి సూక్ష్మకణముల మూలముననే వ్యాపించును. ఇన్‌ఫ్లుయెంజా, కోవిడ్ రెండు విధములను సోకగలవు.

విమానములోని వారందరు ఒకే గాలిని మరల మరల పీల్చుచుందురని పలువురి తలంపు. ఇది పూర్తిగా నిజము కాదు. ఎగురుచున్న పెద్ద విమానములో గాలి గంటకు సుమారు 20 నుండి 30 పర్యాయములు మారును. అందు సుమారు సగము వెలుపలి గాలి. తక్కిన సగము హెపా అను వడపోత సాధనము గుండా మరల లోనికి వచ్చును. 0.3 మైక్రాను పరిమాణముగల కణములలో నూటికి 99.97 వంతులను ఈ సాధనము అరికట్టును. అయినను ప్రక్కనున్నవాని దగ్గు వడపోతను చేరుటకు ముందే మనలను చేరును. అపాయము ముఖ్యముగా అచ్చటనే కలదు.

1977లో అమెరికాలోని అలాస్కాలో 54 మందితోనున్న ఒక విమానము యంత్రము చెడి మూడు గంటలు నేలపైననే నిలిచిపోయెను. ఆ సమయమున గాలి మార్చు యంత్రము పనిచేయలేదు. ప్రయాణికులలో ఒకరికి ఇన్‌ఫ్లుయెంజా ఉండెను. 72 గంటలలో ప్రయాణికులలో నూటికి 72 మంది జబ్బుపడిరి. ఎక్కువసేపు లోపలనున్నవారికే ఎక్కువగా సోకెను. 2003 మార్చి 15న హాంకాంగు నుండి బీజింగు వెళ్ళిన విమానములో 120 మంది ఉండగా, వారిలో ఒక సార్స్ రోగి ఉండెను. తరువాత 22 మందికి ఆ వ్యాధి సోకినట్లు లెక్కతేలెను. వారిలో కొందరు రోగికి పలు వరుసల దూరమున కూర్చున్నవారు.

ఈ రెండు ఉదాహరణములు గ్రామమునకును వర్తించును. విమానాశ్రయము నుండి ఊరికి వచ్చు కారునకు, అద్దములు మూసిన బస్సునకు అట్టి వడపోత లేదు. తలుపులు మూసిన గది నేలపై నిలిచిపోయిన ఆ విమానము వంటిదే.

2020 మార్చిలో కోవిడ్ భయముచే తెలుగునాట పలు గ్రామముల పొలిమేరలలో ముళ్ళకంపలు అడ్డుపెట్టిరి. భయము సహజమే. కాని వెలివేతురను భయము కలిగినచో వచ్చినవాడు జ్వరమును దాచును. దాచిన జ్వరము ముందుగా సోకునది ఇంటిలోని ముసలితల్లికి, పసిబిడ్డకు. కావున పంచాయతీ సభ్యులు ఈ క్రింది విషయములను గ్రామస్థులకు తెలియజెప్పవలెను.

1. జ్వరము, దగ్గు ఉన్నవారు వీలైనంతవరకు ప్రయాణమును వాయిదా వేసికొనవలెను. తప్పనిచో నోరు, ముక్కు కప్పు మాస్కు ధరించవలెను.

2. విమానములో తల పైనుండు గాలి గొట్టమును మూయరాదు. భోజనమునకు ముందు చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

3. ఇల్లు చేరిన పిదప జ్వరము, దగ్గు వచ్చినచో గాలి వెలుతురులు గల ప్రత్యేకమైన గదిలో ఉండి, ఆశా కార్యకర్తకు గాని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు గాని తెలుపవలెను. తాను ఏ దేశమునుండి వచ్చినదియు చెప్పవలెను.

4. దగ్గు రెండు వారములకు మించినచో ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితముగా కఫ పరీక్ష చేయించుకొనవలెను.

5. పిల్లలకు తట్టు టీకా రెండు మోతాదులును తప్పక వేయించవలెను.

పొట్టకూటికై దూరదేశమేగి తిరిగివచ్చిన బిడ్డకు ఇంటి తలుపులతోపాటు కిటికీలను కూడ తెరచియుంచుడు. ఆతనికి ఆదరణయు, ఊరికి రక్షణయు రెండును అందులోనే కలవు.