ఎన్నో రామలింగం?

నార్కట్‌పల్లి బస్టాండులో నిలబడి ‘రామలింగం’ అని కేకేస్తే నలుగురైనా వెనక్కి తిరుగుతారు. చెరువుగట్టు మీద జడల రామలింగేశ్వరుడు ఉండగా వేరే పేరు వెతుక్కునే పని మావాళ్లకు పడలేదు. మా ఇంట్లోనే ముగ్గురం. తాత రామలింగయ్య. ఆయన పేరు పెట్టుకున్న మనవలం ఇద్దరం, నేనూ మా పెదనాయన కొడుకూ. నేను బడిపంతులు రామలింగాన్ని, వాడు బక్క రామలింగం. ఇప్పుడు వాడికి పొట్ట వచ్చింది. అయినా బక్క రామలింగమే.

పోయిన దసరాకు ఇంటికి సున్నం వేస్తుంటే నాయనమ్మ సందుగలో గుడ్డమూట ఒకటి దొరికింది. విప్పితే కొన్ని హాలీ రూపాయలు, కొన్ని కల్దార్లు. మాది నిజాం ఇలాకా కాబట్టి హాలీ మన సిక్కా, కల్దారు ఇంగ్లిషువాడిది. నా మనవరాలు ఒక కల్దారు తీసి చూసి, “తాతా, జార్జి వీ అంటే ఎవరు?” అంది.

అది వీ కాదు బిడ్డా, ఐదు. ఐదో జార్జి.

దాన్ని ఏమనగలను? నేను కొలువులో ఉన్న రోజుల్లో ఒక పిల్లవాడు ‘లూయీ ఎక్స్ ఐ వీ’ అని గడగడా చదివితే క్లాసంతా అదేదో ఇంటిపేరు అన్నట్టు విన్నది. రోమన్ లెక్కలో ఐ ఒకటి, వీ ఐదు, ఎక్స్ పది. చిన్నది వెనక ఉంటే కలుపుకోవాలి, ముందు ఉంటే తీసేయాలి. ఎక్స్ పక్కన ఐ, వీ ఉంటే పదీ నాలుగూ, అంటే పద్నాలుగో లూయీ. ఇంగ్లిషులో అంకె పేరు వెనక నడుస్తుంది, తెలుగులో ముందుకొస్తుంది. రెండో కోడలు, మూడో వాన అన్నట్టే ఎనిమిదో హెన్రీ. ‘హెన్రీ ఎనిమిది’ అంటే సినిమా ఎనిమిదో భాగంలా ఉంటుంది.

ఈ అంకె పుట్టుకతో వచ్చేది కాదు, గద్దె ఎక్కాక వచ్చేది. ఒక్కోసారి పేరు కూడా అప్పుడే మారుతుంది. విక్టోరియా కొడుకును ఇంట్లో బెర్టీ అని పిలిచేవారు, అసలు పేరు ఆల్బర్ట్ ఎడ్వర్డ్. 1901లో తల్లి పోయాక ఆల్బర్ట్‌ను వదిలేసి ఏడో ఎడ్వర్డ్ అయ్యాడు. మూటలో ఆయన బోడితల రూపాయి ఉంది, ఐదో జార్జిది ఉంది, ఆరో జార్జిది ఉంది. మధ్యలో ఎనిమిదో ఎడ్వర్డ్ లేడు. 1936లో ఏడాదైనా నిండకుండానే గద్దె దిగిపోయాడు, ఆయన బొమ్మతో మన దేశంలో రూపాయి చలామణీలోకి రానేలేదు. తర్వాత వచ్చిన తమ్ముడి పేరూ ఆల్బర్టే, ఆయన జార్జి పేరు పెట్టుకున్నాడు. విక్టోరియా రూపాయి మీద అంకె లేదు. రెండో విక్టోరియా వస్తే కదా ఆమె మొదటిదయ్యేది! 1603లో పోయిన ఎలిజబెత్ కూడా 1952లో ఇంకో ఎలిజబెత్ వచ్చాకే మొదటి ఎలిజబెత్ అయింది.

ఇంతకూ లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంగ్లండువాళ్లు 1066లో నార్మన్లు వచ్చిన నాటి నుంచి లెక్కపెట్టారు. అంతకు ముందు ఏలిన ఎడ్వర్డులు ముగ్గురూ లెక్కకు బయటే. 1603 తర్వాత ఒకే మనిషి స్కాట్లండులో ఆరో జేమ్స్, ఇంగ్లండులో మొదటి జేమ్స్. ఆ మొదటి ఎలిజబెత్ స్కాట్లండును ఏలనే లేదు. అందుకే 1953లో ఎడిన్‌బరోలో రెండో ఎలిజబెత్ గుర్తు వేసిన కొత్త పోస్టు డబ్బాను ఎవరో పేల్చేశారు. అంకె కోసం డబ్బా పేల్చడమా అని మనం నవ్వుకోవచ్చు గానీ, వంతు లెక్కలో పేరు పోతే మన ఊళ్లో మాత్రం ఊరుకుంటారా? ఫ్రాన్సులో పదహారో లూయీ తలతీశాక పద్దెనిమిదో లూయీ వచ్చాడు. నడుమ పదిహేడో అంకె జైల్లోనే 1795లో చనిపోయిన పిల్లవాడిది. ఒక్కరోజు గద్దె మీద కూర్చోలేదు, అయినా రాజభక్తులు అంకె ఇచ్చారు.

మన నిజాముల దగ్గర దీనికి తలకిందులు. ఏడుగురు నిజాములని పాఠం చెప్పి చెప్పి నోరు అరిగింది. నిజానికి ఏలింది పదిమంది. 1748లో మొదటి నిజాం పోయాక నాసిర్ జంగ్, ముజఫర్ జంగ్, సలాబత్ జంగ్ 1762 దాకా ఏలారు. ఆసఫ్ జా బిరుదు వరసలో లేరు కాబట్టి ముగ్గురికీ అంకె లేదు. నిజాం అలీ ఖాన్ నేరుగా రెండో ఆసఫ్ జా. సలాబత్ జంగ్ పదకొండేళ్లు కూర్చున్నాడు పాపం!

మరి హాలీ రూపాయి మీద అంకె ఏది? “ఇక్కడుంది తాతా, తొంభై రెండో నిజాం!” అంది మనవరాలు. ఉర్దూ అంకెలు దానికి నేనే నేర్పాను, తప్పు నాదే. ఆ 92 రాజుది కాదు. ముహమ్మద్ అనే పేరులోని అక్షరాలకు అబ్జద్ లెక్కలో వచ్చే విలువ. రాజును పట్టుకోవాలంటే చార్మినార్ బొమ్మ కింద గుమ్మంలో చూడాలి. మీమ్ అక్షరం ఉంటే మహబూబ్ అలీ ఖాన్, ఐన్ ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్.

కాకతీయులదీ మా ఇంటి వరసే. మొదటి బేతరాజు, మొదటి ప్రోలరాజు, మళ్లీ బేతరాజు, మళ్లీ ప్రోలరాజు. శాసనాల్లో వాళ్లకు అంకెలు లేవు, తర్వాతి చరిత్రకారులు తగిలించినవే. వేయిస్తంభాల గుడి కట్టించిన రుద్రదేవుణ్ణి మొదటి ప్రతాపరుద్రుడు అన్నవారి లెక్కలో చివరివాడు రెండో ప్రతాపరుద్రుడు. ఆ లెక్క ఒప్పుకోనివారికి ఉత్త ప్రతాపరుద్రుడే.

మాకు దగ్గర్లోనే, రామన్నపేట మండలంలో తుమ్మలగూడెం ఉంది, ఒకప్పటి ఇంద్రపాలనగరం. అక్కడ దొరికిన విష్ణుకుండి రాగిరేకుల్లో విక్రమేంద్రవర్మది శక సంవత్సరం 488 నాటిది, అంటే సుమారు క్రీస్తుశకం 566. అవి బయటపడ్డాక ఆ వంశవృక్షాన్ని మళ్లీ గీయాల్సి వచ్చింది, మాధవవర్మలు ఎందరనే తగువు ముదిరింది. నా బీరువాలో ఒక పుస్తకం రెండోవాడన్న మాధవవర్మను పక్క పుస్తకం మూడోవాడంటుంది. రెండింట్లోనూ ఆ పేరు పక్కన తండ్రి పేరు పెన్సిల్‌తో రాసుకున్నాను. మా ఇద్దరు రామలింగాలను పట్వారీ పహాణీలో విడదీసిందీ అట్లనే.